నీరు తీసిన తరువాత

ప్రకృతిలో దేవుడి ప్రేమ కనిపిస్తుందని ఆదివారం ప్రసంగాల్లో చిన్నప్పటినుంచీ వింటున్నాను. పూలు, పిచ్చుకలు, కొండలు. కానీ కృష్ణా డెల్టా స్త్రీలకు ప్రకృతంటే అంతేనా? 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది సముద్రం. 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది బుడమేరు.

ఉప్పెనలో అయినవాళ్ళను పోగొట్టుకున్న మా అమ్మమ్మ, ‘దేవుడు నన్ను కాపాడాడు’ అని ఎన్నడూ సాక్ష్యం చెప్పలేదు. అలా చెబితే పోయినవాళ్ళను ఆయన వదిలేశాడని ఒప్పుకోవాలి కదా! ‘నాట్లకు పిలిచారు, వెళ్ళాను’ అనేది. వానలు ఉప్పు కడిగిన చేలో వరి మళ్ళీ పచ్చబడటమే ఆమె ప్రార్థనకు దొరికిన జవాబు.

యోబు గ్రంథంలోనూ దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడతాడు. సముద్రం గురించీ, వాన గురించీ, అడవి జంతువుల గురించీ చెబుతాడు. యోబు కష్టానికి కారణం మాత్రం చెప్పడు. ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండెక్కే స్త్రీలలో ఎందరో మరియమ్మను అడిగేది కూడా కారణం కాదు, తోడు.

అయితే ఈ ఓర్పును పొగిడి ఊరుకుంటే అన్యాయమే. బుడమేరు దారిని ఆక్రమించింది మనుషులు. ఆ లెక్క దేవుడి ఖాతాలో రాయకూడదు. మనుషుల్ని నిలదీయడానికి కావలసిన ధైర్యం మాత్రం నాకు ఆ పచ్చబడిన చేలోంచే వస్తోంది.