ముగ్గురాయి

మా నాయన రాయిని చూసి చెప్పడు. అరచేతిలో వేసుకుని రెండుసార్లు ఎగరేస్తాడు. అంతే, ఏ రాయో చెప్పేస్తాడు.

మాది మంగంపేట దగ్గర ఒక పల్లె. పుస్తకాల్లో బైరైటీస్ అని రాసేదాన్ని మేం ముగ్గురాయి అంటాం. ప్రపంచంలోని పెద్ద బైరైటీస్ నిక్షేపాల్లో మాది ఒకటని డిగ్రీలో జియాలజీ తీసుకున్నాక గానీ నాకు తెలీదు. అప్పటిదాకా అది వాకిట్లో అమ్మ వేసే ముగ్గు, నాయన చొక్కా మీది దుమ్ము. రాయిని పిండి చేసే మిల్లులో ఆయన ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. సాయంత్రానికి కనుబొమ్మలు కూడా తెల్లబడేవి. "ముసలోడొచ్చినాడు" అని తమ్ముడు నవ్వేవాడు.

కాలేజీ ల్యాబ్‌లో మొదట నేర్పింది, రంగును నమ్మొద్దని. మా రాయి చూడ్డానికి బూడిద రంగు, గరుకు పింగాణీ పలక మీద గీస్తే మాత్రం గీత తెల్లగా పడుతుంది. కాల్సైట్ గీతా తెలుపే. అప్పుడు పలచటి ఆమ్లం ఒక చుక్క వెయ్యాలి. కాల్సైట్ బుసబుసా పొంగుతుంది, మాది ఉలకదు పలకదు. క్వార్ట్జేమో అనిపిస్తే చాకుతో గీకాలి. క్వార్ట్జ్ మీద చాకు పని చెయ్యదు. బైరైటీస్ మీద తేలిగ్గా గీత పడుతుంది, మోహ్స్ స్కేలు మీద దాని గట్టిదనం 3, 3.5 మధ్య. ఇన్నీ అయ్యాక సాంద్రత కొలిచాం. నీటికి నాలుగున్నర రెట్లు! మిగతా రెండూ మూడు రెట్లు కూడా ఉండవు. అంటే నాయన అరచెయ్యి ముందే చెప్పేసిందన్నమాట. ఆ పేరుకు మూలమైన గ్రీకు మాటకు అర్థమే బరువు. చమురు బావులు తవ్వేవాళ్ళు దీన్ని కొనేదీ ఆ బరువు కోసమే. బురదలో ఈ పిండి కలిపి బావిలోకి పంపితే, అడుగునున్న గ్యాసూ చమురూ ఒక్కసారిగా ఎగదన్నకుండా ఆపుతుంది. అమ్మకు చెబితే "ముగ్గుపిండితోనా?" అంది.

నాలుగేళ్ళ కింద నాయనకు దగ్గు పట్టుకుంది. టౌన్లో ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు. డాక్టరు టీబీ అన్నాడు, మందులు రాశాడు. ఏం పని చేస్తావని అడగలేదు. అడగంది నాయన చెప్పడు. అమ్మ కంచం, గ్లాసు వేరు పెట్టింది. తమ్ముడి బిడ్డను దగ్గరికి రానివ్వలేదు.

మూడు నెలలకు తిరుపతిలో ఇంకో డాక్టరు అడిగింది, ఎక్కడ పనిచేసేవాడివని. బేరియం ఎక్స్‌రేను అడ్డుకుంటుంది. కడుపు పరీక్షకు ముందు బేరియం తాగించేది అందుకే. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే ఫిల్ము మీద ధగధగా తెల్లగా కనిపించి జడిపిస్తుంది గానీ, సాధారణంగా ఊపిరికి పెద్ద చేటు చెయ్యదు. బారిటోసిస్ అంటారు. క్వార్ట్జ్ దుమ్ము కలిసి ఉంటే కథ వేరేగా ఉండేది.

ఆ ఫిల్ము మొదటిరోజే నాకు వాట్సాప్‌లో వచ్చింది. బేరియం మీద పరీక్షలో రెండు పేజీలు రాసినదాన్ని. నేనూ టీబీ అనే అనుకున్నాను.

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ముగ్గు ప్యాకెట్టు ఒకటి పట్టుకెళ్ళాను. నాయన అందుకుని అరచేతిలో ఎగరేశాడు.

"బరువే లేదు. ఇది మనది కాదు పాపా."

అమ్మ దాన్ని గూట్లో పెట్టి, పాత డబ్బా తీసుకుని వాకిట్లోకి పోయింది.