మా పాప పియానో మేడమ్

పాపని పియానో క్లాసులో చేర్చిన రోజు నేను చూసింది పియానోని కాదు, రిసెప్షన్ గోడ మీది టీచర్ల ఫోటోలని. కింద చదువులు రాసి ఉన్నాయి. ఒక సారు ట్రినిటీ ఎల్‌టిసిఎల్ డిప్లొమా, అంటే ఎనిమిది గ్రేడులూ దాటాక చేసేది. ఇంకొకాయన సినిమా రికార్డింగుల్లో కీబోర్డు వాయించేవారట. పాపకి ఇచ్చిన మేడమ్ ఫోటో కింద మాత్రం "గ్రేడ్ 8" అని ఒక్క ముక్కే. నా ప్రాణం ఉసూరుమంది.

"డిప్లొమా సారు దగ్గరికి మార్పిద్దామండీ" అన్నాను ఇంటికొచ్చి. "ఓ నెల చూడు" అన్నారు మావారు.

ఆ నెలలోనే ఓ సాయంత్రం మేడమ్‌తో మాటలు కలిశాయి. వాళ్ళది గుంటూరు దగ్గర పల్లెటూరట. చర్చిలో హార్మోనియం వాయించే నాన్న పక్కన కూర్చుని చెవితోనే నేర్చుకున్నారు. నోట్స్ చదవడం పెళ్ళయ్యాకే. గ్రేడ్ 8 పరీక్ష రాస్తుంటే అత్తగారు చంటిదాన్ని ఎత్తుకుని బయట నిలబడ్డారట! (మా అత్తగారు గుర్తొచ్చి నవ్వుకున్నాను లెండి.) ఇప్పుడు పగలు ఒక స్కూల్లో మ్యూజిక్ టీచరు, సాయంత్రం ఇక్కడ, ఆదివారం చర్చి.

"ఇంట్లో పియానో ఉండేదా?" అన్నాను.

"ఎక్కడిదండీ! 61 కీస్ ఉన్న కీబోర్డే. పియానోకి 88 కదా. లేనివి పక్కన బల్ల మీద ఉన్నాయనుకుని వాయించేదాన్ని."

మార్పించే సంగతి మావారు అడగలేదు, నేనూ ఎత్తలేదు.

నిన్న పాప కీబోర్డు దాటి గోడ మీద వేళ్ళాడిస్తోంది. "ఏంటే అది?" అంటే, "మనకి లేని కీస్ అమ్మా" అంది.