వేలికొనంత నొప్పి

"నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి" అని వృత్తి జీవితంలో ఎన్ని వేలసార్లు అడిగి ఉంటానో లెక్క లేదు. అరచేతితో కాలంతా నిమిరి "ఇదంతా సారూ" అనేవారు ఒక రకం. చూపుడు వేలును ఒకే చోట ఆనించి "ఇదిగో, ఇక్కడ" అనేవారు మరొక రకం. రెండవ రకం వారిని తేలికగా పంపవద్దని మా గురువులు చెప్పేవారు. అరవయ్యవ ఏట ఆ ప్రశ్నను నాకు నేనే వేసుకోవలసి వచ్చినప్పుడు మాత్రం నేను సమాధానం దాటవేశాను.

పదవీ విరమణ తరువాత ఉదయపు నడక మొదలుపెట్టాను. నడక మెల్లగా పరుగుగా మారింది. కాలనీ పార్కులో పరిచయమైన కుర్రవాళ్లు "అంకుల్, మీరు కూడా ఫుల్ చేసెయ్యండి" అని ఉత్సాహపరిచారు. ఫుల్ అంటే 42.195 కిలోమీటర్ల మారథాన్. ఈ వింత అంకె 1908 లండన్ ఒలింపిక్స్ నాటిది. ఆ ఏడాది విండ్సర్ కోట దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగిసిన పరుగు పొడవును 1921లో ప్రామాణికంగా స్థిరపరిచారు. ఆ పరుగులో అందరికంటే ముందుగా స్టేడియంలోకి వచ్చిన ఇటలీ క్రీడాకారుడు డొరాండో పియెత్రి గమ్యం ముంగిట పలుమార్లు కూలిపోయాడు. అధికారులు చేయి అందించి లేపినందుకు అతనికి బంగారు పతకం దక్కలేదు. నొప్పిని ఓర్చుకోవడాన్ని లోకం వీరత్వంగా చూడడానికి ఇటువంటి కథలు కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఆ వీరత్వం నా తలకూ ఎక్కింది. వారానికి ఇరవై కిలోమీటర్లు పరుగెత్తుతున్న వాడిని మూడు వారాలలో నలభైకి పెంచాను. నా దగ్గరకు వచ్చిన ఏ రోగి అయినా ఈ మాట చెబితే కోప్పడి ఉండేవాడిని. ఎడమ కాలికి మోకాలి కింద, లోపలి అంచున నొప్పి మొదలైంది. తొలి రోజులలో పరుగు ఆరంభంలో ఉండి, ఒళ్లు వేడెక్కగానే తగ్గేది. తరువాత పరుగంతా ఉండసాగింది. చివరికి రాత్రి పడుకున్నా సలిపేది. వేలితో తడిమితే రూపాయి బిళ్లంత చోటున ప్రాణం పోయినట్లుండేది. అయినా కండరం పట్టిందని నాకు నేనే సర్దిచెప్పుకుని, నొప్పి మాత్ర వేసుకుని, మరో రెండు వారాలు పరుగెత్తాను. నా భార్య మాత్రం ఒక రోజు, "ఏవండీ, ఇదే కాలు వేరెవరిదైనా అయితే ఏమి చెప్పేవారు?" అని అడిగింది. మరునాడే పరీక్షకు వెళ్లాను.

ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఎముకపై పదే పదే పడే ఒత్తిడి వలన ఏర్పడే సన్నని పగులు తొలి వారాలలో ఎక్స్‌రేకు తరచుగా చిక్కదు. ఎం.ఆర్.ఐ.లో బయటపడింది. ఎముక నిర్జీవమైన దూలం కాదు. ప్రతి పరుగుతోనూ అందులో అతి సూక్ష్మమైన దెబ్బలు తగులుతాయి. విశ్రాంతి సమయంలో శరీరం వాటిని పూడ్చుకుని మరింత గట్టిపడుతుంది. పూడ్చే వేగం కంటే దెబ్బతినే వేగం పెరిగితే పగులు పుడుతుంది. ఇంకొన్నాళ్లు మొండికేసి ఉంటే అది పూర్తిగా విరిగి ఉండవచ్చునని మిత్రుడైన ఎముకల వైద్యుడు మొహమాటం లేకుండా అన్నాడు. ఆ సంవత్సరపు మారథాన్ రోజున నేను ఇంట్లో కూర్చుని దినపత్రిక చదువుకున్నాను.

ఆ ఖాళీ నెలలలో తరచుగా గుర్తుకు వచ్చినది ఒక వృద్ధురాలు. నేను జిల్లాలో పనిచేసే రోజులలో నాట్ల కాలంలో మోకాళ్ల నొప్పులతో వచ్చేది. నాలుగు వారాలు విశ్రాంతి తీసుకోమంటే నవ్వి, "నాలుగు వారాలు కూచుంటే నాట్లు అయిపోతాయి బాబూ, కూలెవరిస్తారు?" అన్నది. నేను మాత్రలు రాసి పంపించాను. ఆమె నొప్పిని తొక్కిపట్టి బురదలోకి దిగింది. ఎవరూ ఆమె మెడలో పతకం వేయలేదు. నేను కోరి తెచ్చుకున్న నొప్పికీ, ఆమెకు తప్పని నొప్పికీ ఒకే పేరు పెట్టడం నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

మరుసటి ఏడాది నిదానంగా, వారం వారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ తయారయ్యాను. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. ఇంకా తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డు మీద పీపుల్స్ ప్లాజా దగ్గర వేలమంది నడుమ నిలబడ్డాను. వాన లేదు గానీ గాలిలో తేమ ఒంటికి అంటుకుంటున్నది. ఇటువంటి వాతావరణంలో చెమట త్వరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే తొలి గంటలలో కావాలనే మెల్లగా కదిలాను. ఈ నగరపు మారథాన్‌ను ఫ్లైఓవర్ల మారథాన్ అంటే తప్పు లేదు. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు. దిగేటప్పుడు హాయిగా ఉన్నట్లనిపిస్తుంది గానీ అసలు దెబ్బ అప్పుడే తగులుతుంది. దిగుడులో తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపవలసి వస్తుంది. వాటి పోగులు చిట్లేది అక్కడే.

దుర్గం చెరువు తీగల వంతెన దాటేవరకు బాగానే ఉన్నాను. ముప్పయ్యవ కిలోమీటరు తరువాత, పరుగువారు 'గోడ' అని పిలిచే స్థితి ఎదురైంది. మన కండరాలలోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న శక్తి సుమారు రెండు వేల కిలోకేలరీలు. నా వంటి అరవై ఎనిమిది కిలోల మనిషి ఈ దూరం పూర్తి చేయడానికి రెండు వేల ఎనిమిది వందల దాకా కావాలి. కొవ్వు నుంచి శక్తి వస్తుంది కానీ నెమ్మదిగా వస్తుంది. పుస్తకంలో చదివిన ఈ లెక్క కాళ్లలో తెలిసినప్పుడు వేరేగా ఉంటుంది. పాదాలు నావి కావనిపించింది. చిన్న విషయానికి ఏడుపు వచ్చేలా ఉన్నది. దారి పక్కన ఎవరో ఇచ్చిన అరటిపండును తొక్కతో సహా కొరికాను.

ముప్పై నాలుగు దాటాక ఎడమ కాలు సలపడం మొదలైంది. అదే కాలు. గుండె జారిపోయింది. నడుము సంచిలో నొప్పి మాత్ర ఒకటి ఉన్నది. ఎందుకు తెచ్చానో నాకే సరిగా తెలియదు. చెమటతో నీరు కోల్పోయిన శరీరంలో మూత్రపిండాలకు రక్తం ముందే తక్కువగా అందుతుంది. ఐబుప్రొఫెన్ వంటి మాత్ర దానిని మరింత తగ్గించగలదు. అంతకంటే పెద్ద ప్రమాదం, నొప్పి చెప్పే మాట వినబడకుండా పోవడం. మాత్రను తీయలేదు. డివైడర్ అంచున కూర్చుని, బూటు పైనుంచి మోకాలి దాకా ఎముకను అంగుళం అంగుళం వేలితో నొక్కి చూసుకున్నాను. పక్కనే ఆగిన ఒక అమ్మాయి, "అంకుల్, అంబులెన్స్‌ను పిలవనా?" అని అడిగింది. "ఒక్క నిమిషం తల్లీ, రోగిని చూస్తున్నాను" అన్నాను. ఎముక మీద ఎక్కడా ఆ రూపాయి బిళ్ల దొరకలేదు. నొప్పి వెనుక పిక్కలో ఉన్నది, పరుచుకుని ఉన్నది, సాగదీస్తే కాస్త సడలుతున్నది. ఇది కండరం. లేచాను.

దొరికి ఉంటే అక్కడే ఆగిపోయేవాడినా అని ఎవరైనా అడిగితే, ఆగేవాడిననే చెప్పాలని ఉన్నది. నిజం చెప్పాలంటే అంత ధైర్యంగా చెప్పలేను.

మిగిలిన దూరంలో ఎక్కువ భాగం నడిచాను. నీటి బల్ల కనిపించిన ప్రతిచోటా గ్లాసులకు గ్లాసులు తాగాలన్న కోరికను ఆపుకున్నాను. దాహానికి మించి తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా కనిపించింది. తలనొప్పి, వాంతి, అయోమయం ఉంటే అది నీరసమని ఇంకా నీళ్లు తాగించడం ప్రాణాంతకం కావచ్చు. ఇక ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, తల తేలిపోవడం వస్తే మిగిలినది వంద గజాలైనా సరే, ఆగవలసిందే. ఆ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

గచ్చిబౌలి స్టేడియంలోకి అడుగుపెట్టేసరికి ఎండ ముదిరింది. ఐదు గంటల యాభై రెండు నిమిషాలు పట్టింది. పతకం మెడలో వేసిన పిల్లవాడికి వంగి నమస్కరించబోతే తిరిగి నిటారుగా లేవడం కష్టమైంది. మా అమ్మాయి నవ్వుతూ, "నాన్నా, ఫోటో తీయనివ్వండి, తరువాత మూలగండి" అన్నది.

ఆ రోజు సాయంత్రం మూత్రం రంగు రెండుసార్లు చూసుకున్నాను. కండరాలు విపరీతంగా చితికితే అది టీ డికాక్షన్ రంగులోకి మారుతుంది. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తవలసిందే. నాది లేత పసుపుగానే ఉన్నది. తొడల నొప్పి మాత్రం రెండవ రోజుకు తారస్థాయికి చేరింది. మేడ మీద నుంచి కమ్మీ పట్టుకుని వెనక్కి వెనక్కి మెట్లు దిగుతుంటే నా భార్య కింద కాఫీ గ్లాసుతో నిలబడి, "వచ్చే ఏడాది కూడానా?" అని అడిగింది. ఇంకా ఏడు మెట్లు ఉన్నాయి. దిగాక చెబుతానన్నాను.