కొంగల కాపలా

ఈ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేస్తే ఏం రాయాలో తోచక వారం రోజులు ఊరుకున్నాను. మళ్ళీ ఫోన్ చేసి "సముద్రం ఒడ్డున పిట్టల్ని లెక్కపెట్టావటగా, అదే రాయి" అన్నారు. మన హాస్టల్లో ఆరు నుంచి పది దాకా నాతో చదివినవాళ్ళు ఇది చూస్తే తప్పకుండా నవ్వుతారు. వాళ్ళకు నా పేరు గుర్తుండకపోవచ్చు గానీ "కొంగ" అంటే గుర్తుంటుంది. ఏటా జూన్‌లో ట్రంకు పెట్టె మోసుకుని వచ్చేసరికి ఎండకు మాడిపోయి, బక్కగా, మెడ ఒక్కటే పొడుగ్గా కనిపించేవాణ్ణి. సెలవుల్లో నేనేం పని చేసేవాణ్ణో ఎవరికీ చెప్పలేదు. తెలియకుండానే సరైన పేరు పెట్టారు.

మాది అంతర్వేది దగ్గర పల్లె. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేది అక్కడే. 2022 నుంచి మాది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. మా చుట్టుపక్కల చాలా పొలాలు రొయ్యల చెరువులైపోయాయి. మాకు సెంటు భూమి లేదు. నాన్న చెరువుల మీద కాపలా మనిషి. "పగలు కొంగలు, రాత్రి దొంగలు" అని తన ఉద్యోగం గురించి తనే చెబుతాడు. తెల్లమచ్చ జబ్బు తగిలిన రొయ్య పైకి తేలి గట్టు వారకు వస్తుంది. కొంగ దాన్ని ముక్కున కరుచుకుని వెళ్ళి పక్క చెరువులో జారవిడిస్తే జబ్బు అక్కడికీ పాకుతుందని రైతుల భయం. చెరువు మీద అడ్డంగా తాళ్ళు, తళతళలాడే టేపులు కడతారు. అవి చాలక మనిషిని పెడతారు. ఏడో తరగతి నుంచి ప్రతి వేసవీ నాన్న పక్కన ఆ రెండో మనిషిని నేనే. రేకు డబ్బా, వడిసెల, అప్పుడప్పుడు టపాకాయలు. రోజుకు వంద రూపాయలు, మధ్యాహ్నం అన్నం. హాస్టలుకు వచ్చేటప్పుడు నా కాళ్ళకున్న చెప్పులు ఆ డబ్బులతో కొన్నవే.

తరమాలంటే ముందు చూడాలి కదా. తెల్లకొంగ డబ్బా చప్పుడుకే లేచి పక్క గట్టు మీద వాలుతుంది. గుడ్డికొంగ రాయి దగ్గరలో పడేదాకా కదలదు. నీటికాకి మునిగితే మళ్ళీ ఎక్కడ తేలుతుందో నాకు ఎప్పటికీ అందేది కాదు. నాన్న వేలు పెట్టి చూపించేవాడు, సరిగ్గా అక్కడే తేలేది.

తొమ్మిదో తరగతి సెలవుల్లో నా వడిసెల రాయి తగిలి ఒక చిన్న ఉల్లంకి పిట్ట పడిపోయింది. అది రొయ్యలు తినేది కూడా కాదు, బురదలో పురుగులు ఏరుకునేది. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. తర్వాత యూనివర్సిటీ లైబ్రరీలో సలీం అలీ గురించి చదివాను. ఆయన కూడా చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టి, దాని గొంతు మీద పసుపు మచ్చ చూసి, ఇదేం పిట్టని అడగడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకెళ్ళాడట. నాకు తీసుకెళ్ళే చోటు లేదు. ఇసుకలో పాతేసి, చేతులు కడుక్కుని అన్నానికి వెళ్ళాను.

ఎం.ఎస్సీ. జువాలజీలో ప్రాజెక్టుకు అందరూ ల్యాబు అంశాలు తీసుకుంటుంటే నేను మా ఊరి ఒడ్డున వేసవి పక్షుల లెక్క తీసుకున్నాను. నిజం చెప్పాలంటే పక్షుల మీద ప్రేమ ఒక్కటే కారణం కాదు. ఇంటి దగ్గర ఉంటే అద్దె, మెస్ ఖర్చు ఉండవు. 2025 ఏప్రిల్ మొదటి వారంలో డిపార్ట్‌మెంటు బైనాక్యులర్‌కు సంతకం పెట్టి ఊరెళ్ళాను. అమ్మకు నచ్చలేదు. ఇంట్లో మొదటి డిగ్రీ నాది. పదహారేళ్ళు చదివించింది మళ్ళీ కొంగల దగ్గరకు పంపడానికా అంది. నాన్న ఏమీ అనలేదు. బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని కాసేపు చూసి తిరిగిచ్చేశాడు. "దీంట్లో ఒక్క పిట్టే కనపడతాది. మిగతాయి ఏం చేస్తన్నాయో తెలీదు" అన్నాడు.

ఏప్రిల్‌లో ఒడ్డు ఖాళీ అవుతుంది. చలికాలం అంతా మన తీరంలో గడిపిన ఉల్లంకులు ఉత్తరానికి బయల్దేరతాయి. వాటిలో లిటిల్ స్టింట్ అనేది దాదాపు 30 గ్రాములుంటుంది, ఉత్తర ధ్రువం దగ్గరి మంచునేలల దాకా ఎగిరి వెళ్ళి అక్కడ గుడ్లు పెడుతుంది. తొమ్మిదో తరగతిలో నేను కొట్టింది దాన్నే. సంగతి చెబితే నాన్న "అయితే మీ హాస్టలు పిల్లల్లాగే, ఎండాకాలం ఇంటికి పోతన్నాయన్నమాట" అన్నాడు. కొన్ని మాత్రం వెళ్ళవు. ఎక్కువగా నిరుడు పుట్టిన పిల్లలు, ఇంకా ఈడు రానివి. వేసవంతా మన ఒడ్డునే తిరుగుతుంటాయి. సెలవుల్లో ఇంటికి వెళ్ళే దారి లేక మన హాస్టల్లోనే ఉండిపోయిన ఇద్దరు ముగ్గురు నాకు గుర్తొచ్చారు. తమ్ముళ్ళూ, అలాంటివాళ్ళు ఇప్పుడూ మీలో ఉండే ఉంటారు.

తాబేళ్ళ సంగతి కొంచెమే చెబుతాను. ఆలివ్ రిడ్లే తాబేలు ఇసుకలో గుంట తవ్వి వంద దాకా గుడ్లు పెడుతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఏప్రిల్‌లో తెల్లారగట్ల వెళితే, అవి నీళ్ళలోకి పాకిన సన్నటి గీతలు ఇసుక మీద ఉండేవి. పిల్లల్ని కళ్ళారా చూసింది రెండుసార్లే.

నా అసలు లెక్క లిటిల్ టెర్న్ అనే పిట్టది. తెల్లటి ఒళ్ళు, నల్ల టోపీ, తెల్లని నుదురు, పసుపు ముక్కు. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, రాయిలా నీళ్ళలోకి దూకి చేపను పట్టుకుంటుంది. గూడంటూ కట్టదు. ఇసుకలో చిన్న గుంట చేసి రెండు మూడు గుడ్లు పెడుతుంది. ఇసుక రంగులో చుక్కలు చుక్కలుగా ఉంటాయి, తొక్కేదాకా కనిపించవు. ఏప్రిల్ ఆఖరుకు 11 గూళ్ళు దొరికాయి. మళ్ళీ వెతుక్కోకుండా ప్రతి గూటి పక్కన ఒక వెదురుపుల్ల పాతి, ఎర్రగుడ్డ పీలిక కట్టి, నంబరు వేశాను. నోటు పుస్తకంలో పటం గీసుకున్నాను. ఎంత చక్కగా చేశానో అని ఆ రాత్రి సంతోషంగా పడుకున్నాను.

నాలుగు రోజుల్లో ఏడు గూళ్ళు ఖాళీ. పుల్లల మీద కాకులు వాలి ఉన్నాయి. ఒక పుల్ల చుట్టూ కుక్క అడుగులు. పైన టెర్న్‌లు గోలగోలగా అరుస్తూ నా నెత్తి మీదికే దూకుతున్నాయి.

నాన్నను తీసుకెళ్ళి చూపించాను. ఆయన పుల్ల పీకి, పీలిక విప్పి జేబులో పెట్టుకున్నాడు. "కాకికి అడ్రసు రాసిచ్చేసేవేంట్రా" అన్నాడు. కోప్పడలేదు. చెరువు మీద కాకి మనిషి చెయ్యి ఎటు లేస్తుందో చూసి నేర్చుకుంటుందని, నువ్వు రోజూ ఒకచోట ఆగితే అదీ అక్కడ ఆగుతుందని చెప్పాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్ల వేట నిషేధం కదా, రేవులో చేపల తుక్కు ఉండక కుక్కలు ఇసుక మీదికి వస్తాయని కూడా ఆయనే చెప్పాడు. ఇవేవీ నేను చదివిన పుస్తకాల్లో లేవని కాదు. ఉండే ఉంటాయి. నేను ఆ పేజీ దాకా వెళ్ళకుండానే పుల్లలు పాతాను.

మిగిలిన నాలుగింటి పుల్లలు పీకేశాం. దూరంగా గట్టు మీద కూర్చుని, లైట్‌హౌస్‌ను ఆనవాలు పెట్టుకుని, అడుగులు లెక్కించి గుర్తుపెట్టుకోవడం నాన్నే నేర్పాడు. మే 12 పౌర్ణమి. దానికి రెండు రోజుల ముందే "పున్నమి పోటుకి కింద రెండూ పోతాయి" అన్నాడు. పోయాయి. పైన రెండింటిలో పిల్లలు లేచాయి. ఇసుక ముద్దకు కాళ్ళు మొలిచినట్టున్నాయి.

రిపోర్టు రాసేటప్పుడు ఏడు గూళ్ళు ఎందుకు పోయాయో ఉన్నదున్నట్టు రాశాను. గైడ్ గారు ఆ పేరా తీసేయమంటారనుకున్నాను, ఉంచమన్నారు. కృతజ్ఞతల పేజీలో నాన్న పేరు కొట్టించాను. బైండింగ్ కాపీ ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తే నాన్న కంగారుపడ్డాడు. "మా ఓనరు గారు చూస్తేనో? తోలమని జీతమిస్తంటే లెక్కపెడతన్నాడంటారు." ఈ ఊళ్ళో ఎవరూ చదవరులే అన్నాను. అప్పుడు ఏ అక్షరాలు తనవో అడిగి, వాటి మీద వేలు పెట్టి కాసేపు ఉన్నాడు.

"గూళ్ళు ఎన్నని రాసేవు?"

"పదకొండు."

"పన్నెండు. లైట్‌హౌస్ అవతల ఒకటుంది. మూడు గుడ్లు, మూడూ లేచేయి."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే పుల్ల పాతేవోడివి కదరా."