మన గల్లీ ఉన్న పుస్తకం

కోరుట్లల బీడీలు చేసే ఇంటి పిల్లల్ని 'అమ్మ ఏం చేస్తది?' అని అడిగితే, కొందరు 'ఇంట్లనే ఉంటది' అని తల దించుకుంటరు. ఒళ్లో చాట, చేతిల కత్తెర, పొద్దంతా తునికాకు వాసన... ఆ పని పేరు నోట రాదు.

అట్లాంటి పిల్లలకు జగిత్యాల బిడ్డ బి.ఎస్. రాములు రాసిన 'బతుకుపోరు' ఇయ్యాలె. ఆ నవల నిండా బీడీ కార్మికులే. మన దిక్కు రాసినోళ్లు ఇంకా ఉన్నరు. అదే జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ ఫొటో స్టూడియో నడుపుకుంటనే కవిత్వం రాసిండు. సిరిసిల్ల దిక్కు హనుమాజీపేటల పుట్టిన కవి సినారెకు 'విశ్వంభర' కావ్యం మీద 1988 జ్ఞానపీఠం వచ్చింది.

ర్యాంకుల పుస్తకాలు ఎట్లాగూ కొంటనే ఉన్నం. ఈసారి పుట్టినరోజుకు వీళ్ల పుస్తకం ఒకటి కొనిపెట్టుండ్రి. మీరైతే మీ పిల్లలకు ఏదిస్తరు?