వాంటూ కొండమీద మావయ్యగారి కుర్చీ

మా యానాంలో ఫ్రాన్సు దేశమంటే కొందరికి పింఛను వచ్చే చోటు. మా ఇంట్లో మాత్రం అది గోడమీద పటం. ఆ పటంలో మా అమ్మకు అన్నగారు, అంటే మా మావయ్యగారు, సిపాయి దుస్తుల్లో నిలబడి ఉంటారు. నాకు ఊహ తెలిశాక ఆయన ఊరికి వచ్చింది ఒక్కసారే. 1984లో తాతయ్య పోయినప్పుడు వచ్చారు, అదీ పెద్దకర్మ నాటికి. నాకప్పుడు నాలుగేళ్ళు. ఆయన నా చేతిలో పెట్టిన చాక్లెట్టు జ్ఞాపకముంది గాని ముఖం జ్ఞాపకం లేదు.

ఆ సంగతి కొంచెం చెప్పాలి. 1962 ఆగస్టు 16న ఒడంబడిక అమల్లోకి వచ్చి యానాం చట్టరీత్యా కూడా భారతదేశంలో కలిసింది. ఫ్రెంచి పౌరులుగానే ఉంటామనేవారు ఆరు నెలల్లోగా రాసి ఇవ్వాలన్నారు. తాతయ్య ఇవ్వలేదు. పందొమ్మిదేళ్ళ మావయ్యగారు ఇంట్లో చెప్పకుండా వెళ్ళి రాసి ఇచ్చారట. తరవాత పట్టాళంలో చేరారు, ఆ దేశంలోనే పెళ్ళి చేసుకున్నారు, దక్షిణాన కార్పాంత్రా అనే ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నారు. తాతయ్య బతికున్నంత కాలం ఆయన పేరెత్తనివ్వలేదు. మా అమ్మకు అప్పుడు పదేళ్ళు. అన్నయ్య తనను సైకిలు ముందు కడ్డీమీద కూర్చోబెట్టుకుని గోదావరి గట్టుకు తీసుకువెళ్ళేవాడని ఇప్పటికీ చెబుతుంది.

2025లో మావయ్యగారి అమ్మాయి, నాకు వదిన వరస, టిక్కెట్టు కొని పంపింది. "నాన్నకు ఎనభై రెండు వచ్చాయి, చూడాలనుకుంటే ఇప్పుడే రా" అని రాసింది. గుమాస్తాగాడికి ఇంతకన్న అదృష్టమేముంది! మూడు వారాలు సెలవు పెట్టాను. అమ్మ కాకినాడ కాజాలు కట్టి ఇచ్చి, ఒక్క మాట చెప్పి రమ్మంది: "ఒకసారి వచ్చి ఇల్లు చూసి పొమ్మను." నేను చేరిన మర్నాడే ఆ మాట చెప్పాను. మావయ్యగారు కాజా కొరికి, "తూర్ అవనీరా, తరవాత చూద్దాం" అన్నారు.

తూర్ అంటే టూర్ ద ఫ్రాన్స్, సైకిలు పందెం. 1903లో ఒక పత్రికవారు తమ పత్రిక అమ్ముడుపోవడానికి మొదలుపెట్టిన పందెమిది. ఆ ఏడు ఆరే మజిలీలు, 2,428 కిలోమీటర్లు. ఇప్పుడు 21 మజిలీలు. మన కాశీమజిలీ కథల్లోలాగే రోజుకో ఊరు, ఊరికో కథ. అన్ని రోజుల సమయమూ కూడితే ఎవరిది తక్కువో వారిదే గెలుపు. ఏ రోజుకారోజు ముందున్నవాడు పసుపుపచ్చ చొక్కా వేసుకుంటాడు. ఆ పత్రిక కాగితం పసుపుపచ్చన, అందుకని 1919లో చొక్కాకు ఆ రంగు పెట్టారు. 2025లో 23 జట్లు, జట్టుకు ఎనిమిదిమంది చొప్పున 184 మంది లీల్‌లో బయలుదేరారు. పదహారో మజిలీ జూలై 22న, మోంపెలియే నుంచి మోన్ వాంటూ అనే కొండ శిఖరానికి. ఆ కొండ మావయ్యగారి పెరట్లోంచి కనబడుతుంది.

మోకాళ్ళు సరిగా లేని మనిషి కొండమీదికే వెళ్తానని పట్టుబట్టారు. వదినకు ఇష్టంలేదు. చివరికి ఆమె భర్త పడుకోవడానికి వీలున్న వ్యాను ఒకటి తెచ్చారు. శనివారమే సామానుతో బయలుదేరాం. రెండు దుప్పట్లు, గ్యాసు పొయ్యి, బియ్యం, నేను తెచ్చిన కందిపొడి, మావయ్యగారి మడతకుర్చీ.

వాంటూ ఎత్తు 1,910 మీటర్లు. చుట్టుపక్కల అంత ఎత్తు మరొకటి లేదు గనక మైదానంలో ఒంటరిగా నిలబడినట్టుంటుంది. పైభాగమంతా తెల్లటి సున్నపురాయి. ఎండాకాలంలో కూడా మంచు పడిందేమో అనిపిస్తుంది. పూర్వం ఓడలు కట్టడానికి అడవినంతా నరికేశారట. పంతొమ్మిదో శతాబ్దంలో మళ్ళీ నాటడం మొదలుపెట్టారు. 1336లో పెట్రార్క్ అనే ఇటలీ కవి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఈ కొండ ఎక్కి, ఆ సంగతి ఉత్తరంగా రాశాడు. తూర్ మొదటిసారి ఈ కొండకు వచ్చింది 1951లో. అసలు కష్టం బెద్వాఁ అనే ఊరి వైపునుంచి. ఆ ఊరు ఉన్నది 300 మీటర్ల ఎత్తున. అక్కడినుంచి 21 కిలోమీటర్ల రోడ్డు. మొదట ద్రాక్షతోటలమధ్య మెత్తగా ఉంటుంది. సెంతెస్తేవ్ మలుపు దాటాక అడవిలో ఊపిరాడనివ్వదు, వంద మీటర్లకు తొమ్మిది పది మీటర్లు లేస్తూనే ఉంటుంది. ఆ అడవి చివర శాలే రెనార్ అనే చోట సో ఊరినుంచి వచ్చే రోడ్డు కలుస్తుంది. అక్కడినుంచి పైకి చెట్టన్నది లేదు, గాలి మాత్రం ఉంది. గట్టుదాటి గోదావరి నీళ్ళొస్తాయేమోనని భయపడే ఊరివాణ్ణి నేను. వ్యానులో కూర్చుని ఎక్కుతుంటేనే నాకు చెవులు దిబ్బళ్ళు వేశాయి.

ఆ సాయంత్రమే శిఖరం దగ్గరగా ఉన్న రాతి గుర్తు దగ్గరకు తీసుకువెళ్ళమన్నారు మావయ్యగారు. అది టామ్ సింప్సన్ అనే ఇంగ్లీషువాడిది. 1965లో ప్రపంచ విజేత. 1967 జూలై 13న మార్సేయి నుంచి కార్పాంత్రాకు వచ్చే మజిలీలో, మండుటెండలో, ఇక్కడే సైకిలు మీదినుంచి పడిపోయి చనిపోయాడు. 29 ఏళ్ళు. ఒంట్లో ఉత్తేజపు మందులు, మద్యం ఉన్నట్టు పరీక్షలో తేలింది. మనిషి మరీ మంచివాడని గాని మరీ చెడ్డవాడని గాని ఆ రాయి చెప్పదు. చుట్టూ సైకిలువాళ్ళు వదిలిన నీళ్ళసీసాలు, టోపీలు ఉన్నాయి.

మావయ్యగారు ఆ రోజు కార్పాంత్రాలో ఉన్నారట. సెలవుమీద వచ్చి గీత దగ్గర నిలబడ్డారట. "ఎవరెవరో వచ్చేశారు. గెలిచినవాడి చుట్టూ జనం. ఆ తరవాత ఎవరో వచ్చి ఇంగ్లీషువాడు పోయాడన్నారు. నాకప్పుడు భాష బాగానే వచ్చును, అయినా అర్థం కాలేదురా. సైకిలు తొక్కుతూ మనిషి చచ్చిపోవడమేమిటి అనుకున్నా." కొంచెంసేపు ఆగి, "వాడి ఇంటికి ఎవరు చెప్పి ఉంటారో" అన్నారు. ఆ తరవాత ఆ ఊళ్ళోనే ఇల్లు కొనడానికి ఇదే కారణమా అని అడుగుదామనుకుని మానేశాను.

పోలీసులు చూపించిన చోట, శాలే రెనార్‌కు కాస్త ఇవతల, మా వ్యాను నిలిపాం. మీరు కోనసీమ ప్రభలతీర్థం చూసే ఉంటారు. సరిగ్గా అలాగే. వందలకొద్దీ బళ్ళు, వంటలు, జెండాలు, పాటలు, రోడ్డుమీద సుద్దతో పేర్లు రాసే పిల్లలు. బెల్జియంనుంచి, డెన్మార్కునుంచి, స్లొవేనియానుంచి వచ్చినవాళ్ళున్నారు. నా కందిపొడి అన్నం రుచి చూసి పక్కబండి బెల్జియం ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, కారానికి. ఆదివారం అందరం ఆయన టీవీ చుట్టూ మూగాం. ఆ రోజు కార్కాసోన్‌లో అలఫిలిప్ అనే ఫ్రెంచివాడు గీత దాటి చేతులెత్తి పండగ చేసుకున్నాడు. తీరా చూస్తే వెలెన్స్ అనేవాడు అంతకుముందే వచ్చి గెలిచి కూర్చున్నాడు. పాపం, కింద పడ్డప్పుడు చెవిలోని రేడియో పాడైందట, వెలెన్స్ సంగతి తెలియలేదు.

సోమవారం పందెగాళ్ళకు విశ్రాంతి. జూలై అయినా కొండమీద రాత్రి చలిగానే ఉంది. నిద్రపట్టక మావయ్యగారూ నేనూ బయట కూర్చున్నాం. మళ్ళీ అమ్మ మాట ఎత్తాను. ఆయన సూటిగా జవాబివ్వలేదు.

"మీ తాతకు చెప్పకుండా వెళ్ళానని మీ అమ్మ అంటుంది కదూ?"

"ఆయ్, ఇంట్లో అందరూ అదే అంటారు."

"ఆ పొద్దున్న సైకిలు తాళం మీ తాతే తెచ్చి నా చేతిలో పెట్టాడురా. ఎక్కడికని అడగలేదు. చక్రంలో గాలి ఉందో లేదో నొక్కి చూశాడు కూడాను. నేను సాయంత్రం వచ్చేసరికి మాట్లాడ్డం మానేశాడు."

నాకేం చెప్పాలో తోచలేదు. దుప్పటి సర్ది ఊరుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం ముందు ప్రకటనల బళ్ళ ఊరేగింపు వచ్చింది. టోపీలు, చిరుతిళ్ళు, తాళపు గొలుసులు విసురుకుంటూ పోయాయి. మా ఆఫీసులో హెడ్డుగుమాస్తా చూడకపోవడం మంచిదైంది గాని, నలభై అయిదేళ్ళవాణ్ణి, ఒక టోపీ కోసం చిన్నపిల్లవాడితో సమానంగా పరుగెత్తాను. ఎర్రగళ్ళ టోపీ దొరికింది. మావయ్యగారికి పెట్టాను.

సాయంత్రం హెలికాప్టర్ల చప్పుడు మొదలైంది. ముందు మోటారుసైకిళ్ళు, తరవాత విడిపోయి వస్తున్న ఒకరిద్దరు, వారి వెనక మరికొందరు. టీవీలో వీళ్ళు తేలిగ్గా తేలిపోతున్నట్టుంటారు. చేయిచాపు దూరంలో చూస్తే వేరు. నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, గడ్డాలమీద ఉప్పు గీతలు కట్టింది, ఊపిరి మనకు వినబడుతుంది. కొన్ని నిమిషాలకు పసుపు చొక్కా పొగాచర్, అతణ్ణి వదిలించుకోవాలని చూస్తున్న డెన్మార్కు వింగెగో. జనం చీలి దారి ఇవ్వడం, వెంటనే మూసుకుపోవడం. 2016లో ఈ దగ్గర్లోనే జనం అడ్డొచ్చి ఒక మోటారుసైకిలు ఆగితే ఫ్రూమ్ దాన్ని ఢీకొని, సైకిలు విరిగి, పసుపు చొక్కాతో కొండమీద కాళ్ళతో పరుగెత్తాడు. మావయ్యగారు అది కళ్ళారా చూశారట.

మిగతాది బెల్జియం ఆయన టీవీలో చూశాం. చివరి కిలోమీటరులో ఐర్లండు బెన్ హీలీ, ఫ్రెంచి కుర్రవాడు వాలెంతాఁ పారె-పాంత్ర్. వెనకబడిన ఆ కుర్రవాడి జట్టువాడు, ఇలాన్ వాన్ విల్డర్, ఎలాగో మళ్ళీ వచ్చి అందుకుని, ముందు నిలిచి తనకున్నదంతా తొక్కేసి, తప్పుకున్నాడు. పారె-పాంత్ర్ గెలిచాడు. ఆ ఏడు తూర్‌లో ఫ్రెంచివాళ్ళకదే మొదటి మజిలీ గెలుపు. ఈ కొండమీద 2002లో విరాంక్ గెలిచిన తరవాత ఇంకో ఫ్రెంచివాడు గెలవలేదు. కొండంతా అరిచింది. నా కళ్ళు మాత్రం ఆ వాన్ విల్డర్ కోసం వెతికాయి. అటువంటి పనివాణ్ణి ఫ్రెంచిలో దొమెస్తిక్ అంటారు, ఇంటి నౌకరు అని. ఒకప్పుడు తిట్టుగా పుట్టిన మాట, ఇప్పుడు ఉద్యోగం పేరు. ముందువాడి చాటున తొక్కితే గాలి తగలక శ్రమ బాగా తగ్గుతుంది గనక నాయకుడికి గాలి తగలకుండా చూడటం, వెనక కారునుంచి నీళ్ళసీసాలు మోసుకురావడం, అవసరమైతే తన చక్రం తీసి ఇవ్వడం వాళ్ళ పని. జీతం దానికే. ఫైలంతా రాసి, సంతకానికి పైకి పంపి, రెండో కాగితం అందుకునే మాలాంటివాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

జనం దిగిపోవడం మొదలుపెట్టారు. నేను కుర్చీ మడవబోతే మావయ్యగారు కసిరారు. "ఇంకా ఉన్నార్రా. అసలువాళ్ళు ఇప్పుడొస్తారు."

నిజమే. బల్లపరుపు నేలమీద పిడుగుల్లా పరుగెత్తేవాళ్ళు, పొద్దుటినుంచి గాలికి ఎదురొడ్డి పని ముగించినవాళ్ళు, దెబ్బలు తగిలినవాళ్ళు, అందరూ కలిసి ఒక గుంపుగా ఆలస్యంగా వచ్చారు. ఈ గుంపును ఆటోబస్ అంటారు. గెలిచినవాడి సమయానికి ఇంత శాతంలోపు చేరకపోతే మర్నాడు పందెంలో ఉండనివ్వరు. కాబట్టి లెక్క చూసుకుంటూ, ఒకరికొకరు తోడుగా వస్తారు. వాళ్ళ వెనక చీపురు బండి అని ఒకటి, ఇక తొక్కలేనివాళ్ళను ఎక్కించుకోవడానికి. మావయ్యగారు లేచి నిలబడ్డారు. నేను భుజం పట్టుకున్నాను. పొగాచర్ వచ్చినప్పుడు కూడా లేవని మనిషి, ప్రతి ఒక్కడికీ చప్పట్లు కొట్టారు. "అలే, అలే" అన్నవారు చివరికి తెలుగులోకి దిగి, "పద నాయనా, పద, వచ్చేసింది" అన్నారు. గుంపు చివర ఒకడు, ఏ జట్టో నేను చూడలేదు, ఖాళీ సీసా మావయ్యగారి కాళ్ళ దగ్గరకు దొర్లేలా విసిరి వెళ్ళాడు.

ఆ సీసా నేను అడిగాను, అమ్మకు చూపిస్తానని. ఇవ్వలేదు. "నేనే తెస్తాను. సంక్రాంతికి వస్తానని చెప్పు" అన్నారు. అయిదు రోజుల తరవాత పారిస్‌లో పొగాచర్ నాలుగోసారి తూర్ గెలవడం ఇంట్లో కూర్చుని చూశాం. మర్నాడు నేను బయలుదేరాను.

తాళం సంగతి అమ్మకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "చక్రం నొక్కి చూశాడా?" అని మళ్ళీ అడిగింది. సంక్రాంతికని ముందుగది గోడకు సున్నం వేయించింది. డిసెంబరులో వదిన ఫోను చేసింది, డాక్టర్లు విమానం ఎక్కవద్దన్నారని. ఫిబ్రవరిలో టపాలో ఒక పొట్లం వచ్చింది. ఎర్రగళ్ళ టోపీలో చుట్టిన ఆ సీసా. అమ్మ దాన్ని కడిగి, నీళ్ళు నింపి, తిరగేసి పట్టుకుని చూసింది. ఎక్కడా కారలేదు. ఇప్పుడు రాత్రిళ్ళు మంచం పక్కన పెట్టుకుంటోంది.