ఉప్మా వెనుక దౌత్యం

అమెరికా విదేశాంగ విధానాన్ని నేను మొదట రుచి చూసింది అంబాజీపేట దగ్గరి మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో, 1967 ప్రాంతంలో. మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా, పొడి కలిపిన పాలు. బస్తా మీద చెయ్యీ చెయ్యీ కలిపిన బొమ్మ, అమెరికా ప్రజల కానుక అని ఇంగ్లీషులో అచ్చు.

మా నాయనమ్మకి అది తల కొట్టేసినట్టుండేది. "గోదారి నీళ్లు పారే చోట పుట్టి ఈ పరాయి నూకలు తినే ఖర్మేంట్రా?" అనేది. గాదెలో వడ్లున్న ఇంట్లో ఆ మాట అనడం తేలికే. నా పక్కన కూచునే కూలివాళ్ల పిల్లాడికి పగటి తిండి అంటే అదే. ఆదివారం వస్తోందంటే వాడు దిగాలు పడేవాడు. వాడు గుర్తొచ్చినప్పుడల్లా ఆ సాయాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. అలాగని దండం పెట్టడానికి చేతులూ రావు. ఈ కాలేజీలో బి.ఏ. చదివేటప్పుడు దాని పూర్వోత్తరాలు తెలిశాయి మరి!

1954లో ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టం పి.ఎల్. 480. వాళ్ల గిడ్డంగుల్లో మూలుగుతున్న మిగులు ధాన్యాన్ని మనకి రూపాయలకే అమ్మారు. మనతో ఒప్పందం 1956లో. 1965, 66ల్లో వరసగా వానలు మొహం చాటేశాయి. 1966లో దేశం దిగుమతి చేసుకున్న తిండిగింజలు కోటి టన్నుల పైమాటే, అందులో సింహభాగం అమెరికావే. సరిగ్గా అప్పుడే ప్రెసిడెంట్ జాన్సన్ దీర్ఘకాలపు ఒప్పందాలు పక్కనపెట్టి, కొద్దికొద్దిగా కొలిచి పంపడం మొదలెట్టాడు. వ్యవసాయం మీద శ్రద్ధ పెట్టండి అన్నది పైకి చెప్పిన కారణం. అందులో న్యాయం లేకపోలేదు. వియత్నాం మీద బాంబులు ఆపమని ఇందిరాగాంధీ అనడం ఆయనకి గిట్టకపోవడం రెండోది. ఆ జూన్‌లోనే డాలరు 4.76 నుంచి 7.50 రూపాయలైంది.

1971 డిసెంబరులో నిక్సన్ ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకని బంగాళాఖాతంలోకి తోలాడు. అంతర్వేదిలో మా చుట్టాలు, అదేదో ఒడ్డుకే వస్తున్నట్టు, సాయంత్రాలు సముద్రం కేసి చూసేవారట!

పేరుకుపోయిన గోధుమల రూపాయల్లో 1664 కోట్లకి 1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి మొయినిహాన్ మన ప్రభుత్వానికే చెక్కు రాసిచ్చాడు. అంతకన్నా నాకు ముచ్చటైన సంగతి ఒకటుంది. ఆ రూపాయలతోనే 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు మన భాషల పుస్తకాలు కొని అక్కడి యూనివర్సిటీలకి చేర్చారు, తెలుగువి కూడా. ఇక్కడ చెదలు తినేసినవి కొన్ని అక్కడి బీరువాల్లో భద్రంగా ఉండి ఉంటాయి.

2025 ఆగస్టులో, రష్యా చమురు కొంటున్నామన్న కోపంతో ట్రంప్ మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మా మేనల్లుడి చెరువులో రొయ్యలు పట్టుబడికి సిద్ధంగా ఉన్నాయి. కౌంటు ధర పడిపోయింది. గట్టు మీద కూచుని వాడికి జాన్సన్ కథంతా చెప్పాను. "ఇదంతా మాకు కాలేజీలో చెప్పలేదేం మావయ్యా?" అన్నాడు.

చెప్పారు. పుస్తకంలో మూడు లైన్లుంది.